గంగులమ్మ తల నీలాలు

మీకు సిగ్గుందా? ఇన్నేళ్ళుగా నా చుట్టూ చేరి ఆ కథ చెప్పు, ఈ కథ చెప్పు అని నన్ను పీక్కుతింటున్నారు. కార్వేటినగరం రాజావారి ఏనుగుల గురించి అడిగారు, వాటికి మేత వేసింది నేనే అయినట్టు. మీ తాత ఎన్ని ఎకరాలు పోగొట్టాడో అడిగారు. ఎవరి పెళ్ళి ఎందుకు చెడిందో అడిగారు. గంగులమ్మ గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగారా? ఆమె మంట వేస్తే కాగిన బెల్లంతోనే కదా ప్రతి పండక్కీ పొంగలి చేసుకుని గిన్నె అడుగు దాకా నాకారు. ఆమె పోయి రెండేళ్ళు కావస్తోంది. మీరు అడగరు. మీరు అడగలేదని నేను చెప్పకుండా ఉండను. ఆ ఫోను పక్కన పెట్టు. వినండి.

గంగులమ్మ నాకు తోడికోడలు. నా మొగుడు పెద్దవాడు, ఆమె మొగుడు ఎల్లప్ప చిన్నవాడు. నాకంటే ఆమె పదహైదేళ్ళు చిన్న. ఈ ఇంటికి వచ్చేటప్పటికి నడుం కింది దాకా జడ ఉండేది. ఒంటి మీద బంగారం లేదు, కాళ్ళకు మంచి చెప్పులు లేవు, ఆ జడ ఉండేది. వారానికి ఒకసారి సీకాయతో రుద్దుకుని, గుమ్మంలో కూర్చుని ఆరబెట్టుకునేది. నేను తిట్టేదాన్ని.

"ఏమే, నీ ఎంటికలు ఆరేలోగా నా పొయ్యి మీద సంగటి మాడిపోతాది."

"మాడితే మాడనీ అక్కా, బావకు మాడిందే ఇష్టం," అనేది.

ఆమె పని మునిరత్నం నాయుడి గానుగలో. ఎద్దులు తిరిగే గానుగ కాదు, కరెంటుది. చెరుకు రసం పిండి, మనిషి పడుకునేంత పెద్ద పెనంలో కాచి బెల్లం చేస్తారు. పెనం దగ్గర నిలబడి పాకం కలియబెట్టేవాళ్ళు మగవాళ్ళు, పేరంతా వాళ్ళకే. పెనం కింద పొయ్యి నోటి దగ్గర కూర్చుని ఎండిన చెరుకు పిప్పి లోపలికి తోసేది గంగులమ్మ. మంట ఎక్కువైతే పాకం మాడుతుంది, తక్కువైతే బెల్లం గడ్డ కట్టదు. ఆమె పెనం వైపు చూసేది కూడా కాదు, పాకం ఉడికే చప్పుడు విని మంట సరిచేసేది. వానాకాలంలో పిప్పి తడిస్తే పాత టైర్ల ముక్కలు వేసేవాళ్ళు. ఆ పొగ నల్లగా లేచి ఆమె ముక్కులోకే పోయేది. ఇరవై ఆరేళ్ళు ఆ పొయ్యి దగ్గరే కూర్చుంది.

దగ్గు వచ్చింది. ఎల్లప్ప కట్టలు కట్టలు బీడీలు తాగేవాడు, వాడికి దగ్గు లేదు, ఆమెకు వచ్చింది. ఊళ్ళో డాక్టరు సూదులు వేశాడు. ఒక వాన పోయింది, ఇంకో వాన వచ్చింది. ఒకరోజు ఉమ్మిలో రక్తం కనిపించింది. కొడుకు మునిశేఖర్ తిరుచానూరులో ఆటో తోలుతాడు, లాడ్జీల నుంచి అమ్మవారి గుడికి యాత్రికులను తిప్పుతాడు. వాడు వచ్చి తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేను కూడా పోయాను. ఎల్లప్ప రాలేదు. ఆసుపత్రి వాసన పడదన్నాడు, బీడీ వాసన పడే మనిషికి.

ఆమెను స్కాను గదిలోకి తీసుకుపోయారు. నేను బయట కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి కొండ కనిపిస్తుంది. చేతులెత్తి మొక్కాను. ఏమని మొక్కానో వినండి, ఎందుకంటే ఇదంతా దాని గురించే. "స్వామీ, దీన్ని బతికించు. కత్తి కిందికి పోయే ముందే దీని తల నీలాలు నీకు ఇప్పిస్తాను." ముందే అని ఎందుకన్నాను? చేతికి ముందే ఇస్తే పని బాగా చేస్తాడని. మనుషులతో బేరం ఆడీ ఆడీ దేవుడితోనూ అట్లాగే ఆడాను. అది విన్నది కిటికీ, నేను. అంతే.

ఆమె బయటికి వచ్చాక చెప్పాను.

"నా ఎంటికల మీద నీకేంది పెత్తనం?" అంది. మళ్ళీ తనే, "మొక్కేసినావు, ఇంక తప్పేదేముంది. ఇద్దాం," అంది.

ఇంటికి పోయి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి, ముడుపు దేవుడి గూట్లో పెట్టాం. మరుసటి రోజే కొండెక్కి ఉంటే అయిపోయేది. ఎక్కలేం. మా ఆయన పోయి అప్పటికి ఏడాది నిండలేదు. మా వంశంలో మనిషి పోతే ఏడాది దాకా ఎవరూ కొండెక్కరు. శ్రావణంలో జబ్బు బయటపడింది, మైల తీరేది కార్తీకంలో.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఊపిరితిత్తిలో గడ్డ ఉంది, క్యాన్సరు, కుడి పక్క, నిమ్మకాయంత. వెంటనే కోయరంట.

"ముందు మూడు సార్లు మందు ఎక్కిస్తాం, మూడు వారాలకు ఒకసారి. అందులో రెండు రకాలుంటాయి. ఒకటి గడ్డను చంపే మందు. ఇంకోటి ఒంట్లో ఉన్న కాపలా బలాన్ని నిద్ర లేపే మందు. గడ్డ చిన్నదయ్యాక, ఆఖరి మందు అయిన ఆరు వారాల లోపల ఆపరేషన్ చేసి, ఆ ఊపిరితిత్తిలో ఆ ముక్క వరకు తీసేస్తాం."

గంగులమ్మ శ్రద్ధగా వింది. "అంటే నా ఒంట్లో కాపలావోళ్ళు పండుకోనుండారా మేడం?"

"అలాంటిదే అనుకోమ్మా."

"మా మునిరత్నం నాయుడి తోట కాపలావోడూ అంతే. సగం సెరుకు పందులు తినేసినాక లేస్తాడు."

డాక్టరమ్మ నవ్వింది. నేను లెక్క వేసుకున్నాను. మూడు మందులూ ఆశ్వయుజంలో అయిపోతాయి. మైల తీరేది కార్తీకంలో, ఆపరేషనూ కార్తీకంలోనే. మైల తీరగానే కొండ, ఆ తర్వాత కత్తి. అంతా సరిపోయిందని సంబరపడ్డాను.

మందు ఎక్కించే గదిలో నర్సు కృపారాణి అని ఉండేది, సత్యవేడు పిల్ల. మొదటి రోజే చెప్పింది.

"అమ్మా, రెండో మందు నాటికి జుట్టు రాలిపోతాది. భయపడొద్దు, మళ్ళీ వస్తాది."

గంగులమ్మతో పాటు నేనూ విన్నాను. వినలేదని అబద్ధం చెప్పను. "రాలితే రాలనీలే పాపా, మా ఇండ్లలో అందురికీ రాలతానే ఉండాది," అన్నాను. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు వస్తాయనుకున్నాను.

రెండో మందు ఎక్కించడానికి నాలుగు రోజుల ముందు, గంగులమ్మ తల రుద్దుకుని గుమ్మంలో కూర్చుంది. నేను లోపల బియ్యం ఏరుతున్నాను.

"అక్కా, ఇట్ల రా," అంది. గట్టిగా కూడా పిలవలేదు.

పోయి చూస్తే జడ ఆమె ఒళ్ళో ఉంది. తల మీద పక్కన కొంచెం, చెవుల దగ్గర కొంచెం మిగిలింది. చెయ్యి పెడితే అదీ వచ్చేసింది. ఆమె ఏడవలేదు.

"ఇది నాది కాదు గదా అక్కా. స్వామిది గదా. ఇప్పుడెట్ల?"

రాలిన వెంట్రుక దేవుడికి పనికిరాదు. కత్తితో తీసిందే ఇవ్వాలి. ఆ జడను పాత చీర ముక్కలో చుట్టి పొలం గట్టున పూడ్చి వచ్చాను.

మూడో మందు అయింది. ఒళ్ళంతా దురద, దద్దుర్లు. కాపలావాళ్ళు లేచి ఇంటివాళ్ళనే కొడుతున్నారని ఆమే అంది. మళ్ళీ స్కాను తీశారు. నిమ్మకాయంత ఉన్నది వక్కంత అయింది. డాక్టరమ్మ ఆ ఫొటోను మాకు రెండు సార్లు చూపించింది, అంత సంతోషపడింది. కార్తీకంలో రెండో మంగళవారం ఆపరేషన్ అని రాసింది.

గంగులమ్మ, "నేను రాను మేడం," అంది.

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. మొక్కు గురించి మునిశేఖర్ చెప్పాడు. డాక్టరమ్మ కోప్పడలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, మందుతో గడ్డ తగ్గింది, పోలేదు. తగ్గినప్పుడే తీసేయాలి. వదిలేస్తే మళ్ళీ లేస్తుంది."

"నాకు తెలుసు మేడం. ఇరవై ఆరేండ్లు పొయ్యికాడ కూసున్నదాన్ని. నిప్పు తగ్గినప్పుడే ఆర్పల్ల. మీరు సెప్పేదాంట్లో తప్పు లేదు."

"మరి?"

"మొక్కు తీర్చకుండా ఆ బల్ల మీద పండుకుంటే నేను లేసి రాను. అది నాకు తెలుసు. ఎంటికలు రానీ, ఇచ్చేసి వస్తా."

"ఎంత రావాలి?"

గంగులమ్మ చూపుడువేలు గోరు చూపించింది. "ఇంత వస్తే సాలు. కత్తికి తగలాల గదా."

ఆమెకు బతకాలని లేదనుకోకండి. బతకాలనే ఆ పట్టు పట్టింది. మొక్కు బాకీతో కత్తి కిందికి పోతే చస్తానని ఆమె భయం. ఆగితే గడ్డ పెరుగుతుందని డాక్టరమ్మ భయం. రెండు భయాల మధ్యా నేను ఊరికే కూర్చున్నాను.

మైల తీరిన వారానికే మునిశేఖర్ ఎవరికీ చెప్పకుండా కొండెక్కి తను గుండు కొట్టించుకుని వచ్చాడు. నున్నటి తలతో వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, నీ బదులు నేనిచ్చేసినాను. పోదాం పా, ఆస్పత్రికి."

ఆమె వాడి తల మీద అరచెయ్యి పెట్టి రుద్దింది. "బాగుండాదిరా. చిన్నప్పుడు పుట్టెంటికలు తీసినప్పుడు ఇట్లే ఉండావు. నీ పుణ్యం నీకొస్తాదిలే. మొక్కింది నీ తల కాదు."

"కల్యాణకట్ట తావ అడిగినానమ్మా. జుట్టు లేకపోయినా పర్వాలేదంట. కత్తి ఊరికే ఆనిస్తే స్వామికి సాలంట."

"స్వామికి సాలు. నాకు సాలదు."

వాడు నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వన్నా సెప్పు. నీ నోటికి ఊరంతా జడుస్తాది గదా."

నేను చెప్పాను, తిట్టాను కూడా. "నీకు పట్టిన రోగం గంగులూ, ఊపిరితిత్తిలో కాదు, తలకాయలో ఉండాది," అన్నాను. ఆమె నవ్వి, నాకు మజ్జిగ ఇచ్చింది.

ఆపరేషన్ మంగళవారం వచ్చింది, పోయింది. డాక్టరమ్మ ఇంకో తారీకు ఇచ్చింది. అదీ పోయింది. ఒకరోజు కృపారాణి నాకు ఫోను చేసింది.

"అవ్వా, ఆమె తలకు ఇంకా ఏమీ రాలేదంట గదా."

"నూగు మాదిరి వచ్చింది."

"అవ్వా, నువ్వు మొక్కినప్పుడు ఎవరన్నా విన్నారా?"

"ఎవురూ ల్యా."

"అయితే ఒక్క అబద్ధం సెప్పు. ఆపరేషన్ అయినాక ఇస్తానని మొక్కినాను, ముందని తప్పు సెప్పినాను, మర్సిపోయినాను అని సెప్పు. ముసలిదానివి, మర్సిపోయినావంటే నమ్ముతాది. నేను ఏసుప్రభువును నమ్మినదాన్ని, మీ మొక్కులు నాకు తెలీవు. అబద్ధం ఆడమని నేనే సెప్తా ఉండానంటే ఎంత అవసరమో సూడు."

ఫోను పెట్టేసి లేచాను. చెప్పేద్దామనే లేచాను. దావలో నడుస్తూ మాటలు కూడా కూర్చుకున్నాను. మర్సిపోయినానే గంగులూ, కళ్ళజోడు యాడ పెట్టినానో మర్సిపోతా ఉండానే, అట్ల ఇదీ మర్సిపోయినా. ఇట్లా చెప్పాలని.

ఆమె వాకిట్లో ఎండకు కూర్చుంది. తలకు కొబ్బరి నూనె రాసుకుని, చూపుడువేలు గోరుతో నెత్తి మీది నూగును కొలుచుకుంటోంది. నేను పక్కన కూర్చోగానే నా మొహం చూసింది. ఏం కనిపించిందో ఏమో.

"అక్కా, నువ్వు ఆ పొద్దు ఎట్ల మొక్కినావో ఇంగోసారి సెప్పు. ఉన్నదున్నట్ల సెప్పు."

నేను ఎన్ని అబద్ధాలు ఆడి ఉంటాను! పాలలో నీళ్ళు కలిపి కలపలేదని చెప్పాను. మా అత్తకు చెప్పాను, మొగుడికి చెప్పాను, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. అబద్ధమాడితే స్వామి నా కళ్ళు తీస్తాడని భయమా? ఆమెను ఏమైనా చేస్తాడని భయమా? నాకు ఇప్పటికీ తెలియదు. నోరు తెరిచాను.

"కత్తి కిందికి పోయే ముందే ఇప్పిస్తానని మొక్కినా," అన్నాను.

"అదే గదా," అంది, మళ్ళీ నూనె రాసుకుంది.

మాఘం చివర్లో గోరంత వచ్చింది. ముందు నల్లగా, తిన్నగా ఉండేది, ఇప్పుడు సగం తెల్లగా, ఉంగరాలుగా వచ్చింది. మునిశేఖర్ ఆటోలో అలిపిరి దాకా పోయి, అక్కడ నుంచి బస్సులో కొండెక్కాం. కల్యాణకట్టలో వరుసలో కూర్చుంటే ఆమెకు ఆయాసం వచ్చింది. గోడకు ఆనుకుంది. తల గీసే ఆమె నీళ్ళు చల్లి, చెయ్యి పెట్టి చూసింది.

"ఏమ్మా, ఇంత పొట్టిగా ఉండాదే. ఈ మధ్యనే ఒకసారి ఇచ్చినావా?"

"ఇచ్చినాను తల్లీ. అప్పుడు ఆస్పత్రోళ్ళకు. ఇప్పుడు ఈయనకు."

తల గీసే ఆమె చిన్నబిడ్డకు గీసినట్టు మెల్లగా గీసింది. ఒక్క గాటు పడలేదు. గుండుకు గంధం రాసుకుని గంగులమ్మ బయటికి వచ్చింది.

"అయిపోయింది అక్కా. ఇంక ఏమన్నా కోసుకోనీ."

రెండో రోజే ఆసుపత్రికి పోయాం. ఆఖరి మందు ఎక్కించి అప్పటికి ఐదు నెలలు. డాక్టరమ్మ ఎందుకు ఇంతకాలం రాలేదని అడగలేదు. గుండు చూసింది, స్కానుకు పంపింది. వక్కంత ఉన్నది మళ్ళీ నిమ్మకాయకు పోతోంది. పెద్ద నరాల దగ్గరికి జరిగింది.

మునిశేఖర్‌తో చెప్పింది. "అప్పుడైతే ఒక ముక్క తీస్తే సరిపోయేది. ఇప్పుడు తెరిచి చూస్తేగానీ చెప్పలేను. మొత్తం ఊపిరితిత్తి తీయాల్సి రావచ్చు. అసలు తీయలేకపోవచ్చు."

"తీయండి మేడం," అన్నాడు వాడు. గంగులమ్మ కూడా, "తీయండి," అంది. ఆమెకు భయం లేదు. ఆపరేషన్ రోజు తెల్లారి బల్ల మీద తీసుకుపోతుంటే మాకు చెయ్యి ఊపింది, బస్సు ఎక్కినట్టు.

ఏడు గంటలు పట్టింది. కుడి ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. ఆమె లేచి వచ్చింది. ఐదో రోజు మాట్లాడింది. ముక్కుకు గొట్టం, పక్కలో ఇంకో గొట్టం.

"సూసినావా అక్కా... లేసి వచ్చినా," అంది. "మొక్కు తీరింది గదా... అందుకే."

"అవునే," అన్నాను.

ఇంటికి తెచ్చాం. నాలుగు మాటలకు ఒకసారి ఆగేది. గుమ్మం నుంచి వాకిలి దాకా నడిచి కూర్చునేది. గానుగకు ఇంక పోలేదు. ఆమె చోట మునిరత్నం నాయుడు ఇంకొకామెను పెట్టాడు. పెనం దగ్గర మనుషులు మాత్రం మారలేదు. వినాయక చవితి నాటికి వీపులో నొప్పి వచ్చింది. స్కానులో ఎముకల్లోకి పోయిందని తేలింది. మళ్ళీ మందు ఎక్కించారు. ఈసారి కాపలావాళ్ళు లేవలేదు.

డాక్టరమ్మ గదిలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అడిగాను. "మేడం, ఆ ఐదు నెల్లు ఆగకపోయుంటే బతికేదా?"

ఆమె చాలాసేపు కాగితాలు సర్దింది. "చెప్పలేనమ్మా. టైముకు చేసినా తిరగబెట్టిన వాళ్ళున్నారు. ఆగినా బతికిన వాళ్ళున్నారు. టైముకు చేసుంటే ఎక్కువ ఆశ ఉండేది. అంతవరకే చెప్పగలను."

"సరే మేడం," అని లేచాను. బయట కృపారాణి ఎదురొచ్చింది. నా చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా వచ్చింది. అబద్ధం చెప్పావా అని ఆ పిల్ల ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పుష్యంలో గంగులమ్మ మంచం పట్టింది. అన్నం మానేసింది, రాగి జావ రెండు గుక్కలు తాగేది. ఎల్లప్ప బీడీ ఆర్పేసి వచ్చి కాళ్ళు పిసికేవాడు, మళ్ళీ బయటికి పోయి వెలిగించేవాడు. ఒకరోజు నన్ను దగ్గరికి రమ్మంది.

"అక్కా... నేను ఆలోసిస్తా ఉండా."

"ఏమని?"

"నువ్వు ఆ పొద్దు... వాకిట్లో కూసున్నప్పుడు... వేరే ఏందో సెప్పేకి వచ్చినావు గదా."

నేను ఆమె దుప్పటి సర్దాను.

"నీ మొగం సూస్తానే... తెలిసింది. అందుకే... ముందే అడిగేసినా... నువ్వు సెప్పేలోగా."

"ఎందుకే?" అన్నాను.

"నువ్వు సెప్పుంటే... నమ్మేసి ఉంటా," అంది. "నమ్మేసి... ఆ బల్ల మీదికి పోయుంటా."

అది మంచికన్నదో చెడ్డకన్నదో నాకు తెలియలేదు. అడగలేదు. జావ గిన్నె తీసుకుని లోపలికి పోయాను, కడిగాను, బోర్లించాను.

మాఘంలో, గురువారం మధ్యాహ్నం పోయింది. మునిశేఖర్ అప్పుడే నీళ్ళు తాగించాడు. ఒక గుక్క మింగింది, రెండోది మింగలేదు. గంగులమ్మకు అప్పటికి యాభై మూడేళ్ళు.